తొట్టె బోసిగానే ఉండాలి: ఎవరు చెప్పినా వినకూడని తొమ్మిది సలహాలు

మా అమ్మాయి పురుటికి మొదటిసారి టెక్సాస్ బయలుదేరినప్పుడు నా సూట్‌కేసులో సొంఠిపొడి, వాము, కరివేపాకు కారం, ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత గుడ్డలతో పాటు ఒక మూట కూడా ఉంది. నా రెండు వెంకటగిరి నూలు చీరలు చింపి, దూది ఏకించి, మూడు వారాలు మిషను ముందు కూర్చుని కుట్టిన మెత్తల పట్టీ అది. క్రిబ్ అనే ఊచల తొట్టెకు లోపలివైపు చుట్టూ కట్టే ఆ పట్టీని బంపర్ అంటారు. ఆరు చోట్ల జంట నాడాలు, అంచంతా చిలకపచ్చ పైపింగు. అమ్మాయి దాన్ని చేతుల్లోకి తీసుకుని చెంపకు ఆనించుకుని, తర్వాత అల్మరాలో పెట్టేసింది. "అమ్మా, ఇది కట్టకూడదట. ఆసుపత్రిలో మరీ మరీ చెప్పారు" అంది.

నాకు మనసు చివుక్కుమంది. క్రిబ్‌లో చూస్తే ఏముంది? ఒక గట్టి పరుపు, దాని మీద బిగుతుగా తొడిగిన దుప్పటి. దిండు లేదు, బొంత లేదు, బొమ్మ లేదు. "ఎంత బోసిగా ఉందే!" అన్నాను. మన నోట బోసి అంటే లోటే. బోసి మెడ, బోసి నుదురు, బోసి గోడ. పసిబిడ్డ పడుకునే చోటు అలా ఉండకూడదని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకం ఎంత తప్పో ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాను. ఆ తర్వాత చదివి, పిల్లల డాక్టరును అడిగి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇవన్నీ పెద్దవాళ్లం ప్రేమతో ఇచ్చే సలహాలే. సగానికి పైగా నా నోటితో నేను ఇచ్చినవే. ఒక్కొక్కదాన్ని మనం అనే మాటల్లోనే ముందు పెట్టి, ఎందుకు వినకూడదో, బదులు ఏం చేయాలో చెబుతాను.

1. "ఊచలకు తల కొట్టుకుంటుంది, చుట్టూ మెత్తలు కట్టండి"

అందరూ మొదట అనే మాట ఇదే. బిడ్డ తల ఊచకు తగలడం నిజమే. కానీ ఎంత జోరుగా తగులుతుంది? రెండు మూడు నెలల బిడ్డ పాకలేదు, లేవలేదు. కాళ్లు తన్నుకుంటూ పరుపు మీద మెల్లగా జరుగుతుంది, అంతే. ఆ జరుగుడుకు తగిలే దెబ్బ మహా అయితే కాస్త ఎర్రగా కములుతుంది, పూట తిరిగేసరికి మాయమవుతుంది.

మెత్త వల్ల వచ్చే కీడు మాయమయ్యేది కాదు. అమెరికాలో బ్రాడ్లీ థాక్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు కలిసి 1985 నుంచి 2005 దాకా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా కమిషన్‌కు చేరిన రికార్డులు వెతికి, 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. బంపర్లతో ముడిపడి పోయిన పసిబిడ్డలు 27 మంది తేలారు. ముఖం మెత్తకు ఆనుకుపోయి ఊపిరాడక 11 మంది, మెత్తకూ మరో వస్తువుకూ మధ్య ఇరుక్కుని 13 మంది, నాడా మెడకు బిగుసుకుని ముగ్గురు. తర్వాత 2012 దాకా లెక్క తీస్తే ఆ సంఖ్య 48 అయింది. అంత పెద్ద దేశంలో ఇది చిన్న సంఖ్యేనని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ తక్కెడలో రెండు పక్కలా ఏమున్నాయో చూడండి. ఒక పక్క కమిలిన మచ్చ, ఇంకో పక్క ప్రాణం.

2. "అది నూలు గుడ్డే, గాలి ఆడుతుంది"

ఈ మాట అన్నది నేనే. మనవరాలికి పదో వారం నడుస్తోంది. రాత్రంతా మేలుకున్న అమ్మాయి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చింది. నేను అల్మరాలోంచి పట్టీ తీసి, ఆరు జతల నాడాలూ ముళ్లు వేసి కట్టేశాను. పాలు తాగిన బిడ్డను పడుకోబెట్టి, బాలింతకు మిరియాల చారు పెడదామని వంటింట్లోకి వెళ్లాను. పోపు వేసి, ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చాను.

బిడ్డ పక్కకు జరిగి ఉంది. ముఖం మెత్తలోకి దిగబడి ఉంది. ముక్కు కొన చప్పిడిగా నొక్కుకుపోయింది. ఒక్క ఊపున ఎత్తుకున్నాను. నుదురంతా చెమట. మరుక్షణం కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు. పట్టీ వైపు చూస్తే చీర గుడ్డ మీద రూపాయి బిళ్లంత తడి మచ్చ. పాలు కక్కిన మచ్చ కాదు, అది ఊపిరి తడి.

బడిలో ముప్పయి ఒక్క ఏళ్లు సైన్సు చెప్పాను. ఏటా పిల్లల చేత చేయించిన ప్రయోగం ఒకటుంది. గాజు గొట్టంలో సున్నపుతేట పోసి స్ట్రాతో ఊదితే అది పాలలా తెల్లబడుతుంది. మనం పీల్చే గాలిలో కార్బన్ డయాక్సైడు 0.04 శాతం, వదిలే గాలిలో సుమారు 4 శాతం. అంటే దాదాపు వంద రెట్లు. ముఖం ముందు ఖాళీ ఉంటే ఆ వదిలిన గాలి చెదిరిపోతుంది. దూది అడ్డం ఉంటే అక్కడే నిలిచిపోతుంది. బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తూ ఉంటుంది. నల్లబల్ల మీద వేలసార్లు రాసిన ఆ అంకెలు నా మనవరాలి ముక్కు దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తు రాలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఊపిరి సలపకపోతే మనకు మెలకువ వస్తుంది, తల తిప్పుకుంటాం. పసిబిడ్డకు అలా మెలకువ తెప్పించే శక్తి ఇంకా పూర్తిగా కుదురుకోదు, మెడకూ బలం చాలదు. నిద్రలో హఠాత్తుగా పోయే ప్రమాదం మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ, అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య మరీ ఎక్కువ. పైగా ఇదంతా చప్పుడు లేకుండా జరిగిపోతుంది. ఇబ్బందైతే ఏడుస్తుందిలే, మనకు వినపడుతుందిలే అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. నూలు చొక్కా తొడుక్కుంటే ఒంటికి గాలి తగులుతుంది. అదే నూలు బొంతను నాలుగు మడతలు పెట్టి అందులో ముఖం దాచుకుని చూడండి, నిమిషంలో మీకే తెలుస్తుంది.

అమ్మాయి లేవగానే దాచకుండా చెప్పాను. అది నన్ను ఒక్క మాట అనలేదు. పట్టీ చేతిలోకి తీసుకుని, ఆరిపోతున్న ఆ మచ్చ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

3. "ఊచల సందులో తల ఇరుక్కుంటుంది, అందుకైనా కట్టండి"

ఈ భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. బంపర్ పుట్టిందే దీని కోసం. పాత తొట్టెల్లో ఊచల మధ్య సందు వెడల్పుగా ఉండేది. బిడ్డ ఒళ్లు జారిపోయి తల చిక్కుకునేది. ఆ సందు మూయడానికి మెత్తలు కట్టేవాళ్లు. 1973లో అమెరికా ప్రభుత్వం సందు రెండుంపావు అంగుళాల కంటే కాస్త ఎక్కువ, అంటే సుమారు 6 సెంటీమీటర్లకు మించకూడదని నిబంధన పెట్టింది. ఆ సందులో బిడ్డ ఒళ్లు పట్టదు. రోగం పోయింది, మందు మాత్రం అలవాటుగా మిగిలిపోయింది.

కాబట్టి బదులు చేయవలసిన పని, టేపు తీసి కొలవడం. తాతల నాటి టేకు తొట్టె అటక మీంచి దింపినా, వడ్రంగి చేత కొత్తగా చేయించినా, ఊచకూ ఊచకూ మధ్య 6 సెంటీమీటర్లు దాటితే దానికి మెత్త కట్టి సరిపెట్టవద్దు. ఆ తొట్టె వాడవద్దు. పరుపుకూ తొట్టె పక్కకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉన్నా పరుపు మార్చాలి. చిన్న చేయో కాలో ఊచల మధ్య నుంచి బయటికి వస్తే భయపడనక్కర్లేదు. బిడ్డ ఏడుస్తుంది, మనం మెల్లగా లోపలికి తీస్తాం, అంతటితో అయిపోతుంది.

4. "బజారులో అమ్ముతున్నారంటే మంచిదేగా"

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ బంపర్లు వద్దని చెప్పింది 2011లో. ఆ ఏడే షికాగో నగరం వాటి అమ్మకం నిషేధించింది. రాష్ట్రాల్లో మేరీల్యాండ్ 2013లో మొదట ఆ పని చేసింది. దేశం మొత్తానికీ చట్టం వచ్చింది 2022 మేలో, అమలైంది ఆ నవంబరులో. అంటే డాక్టర్లు వద్దన్నాక కూడా పదకొండేళ్లు అవి అందమైన పెట్టెల్లో, సీమంతాల కానుకల్లో అమ్ముడవుతూనే ఉన్నాయి. అంగట్లో ఉన్నంత మాత్రాన అది పరీక్షకు నిలిచిన వస్తువు అయిపోదు.

మన దగ్గర ఇవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. పరుపు, దిండు, రెండు పక్కలా రెండు బాలీసులు, దోమతెర అన్నీ కలిపిన సెట్టు బారసాలకు మామూలుగా వచ్చే కానుక. ఇచ్చినవాళ్ల మనసు నొప్పించనక్కర్లేదు. తీసుకోండి, దండం పెట్టండి. పరుపు గట్టిగా ఉంటే పరుపు, ఉపయోగపడితే దోమతెర ఉంచుకోండి, దిండూ బాలీసులూ పక్కన పెట్టేయండి. తెర బిగుతుగా నిలబడాలి, బిడ్డ ముఖం మీద వాలకూడదు.

పలచటి వల గుడ్డతో చేసినవి ఉన్నాయి కదా అని అడుగుతారు. మెత్త లేని వల పట్టీలను ఆ చట్టం నిషేధించలేదు. అయినా పిల్లల వైద్యులు అవీ వద్దంటున్నారు. కట్టు వదులైతే అదీ తొట్టెలో వేలాడే గుడ్డే.

5. "క్రిబ్ ఎందుకు? మంచం మీద చుట్టూ దిండ్లు పేర్చండి"

తెలుగు ఇళ్లలో అసలు బంపర్ ఇదే. ఊచల తొట్టె అందరికీ ఉండదు గానీ దిండ్ల కోట కట్టని ఇల్లు ఉండదు. నాడాల ప్రమాదం ఒక్కటి తప్పిస్తే మిగతావన్నీ ఇందులోనూ ఉన్నాయి. పైగా దిండు కదులుతుంది, బిడ్డ మీదికి ఒరుగుతుంది. మంచానికీ గోడకూ మధ్య సందు ఉండనే ఉంది.

దొర్లి పడుతుందనే భయమైతే పడడానికి ఎత్తే లేకుండా చేయండి. బిడ్డకు విడిగా గట్టి పలచటి పరుపు నేల మీద, గోడకు ఎడంగా వేయండి. తల్లి పక్కనే తన పరుపు మీద పడుకుంటుంది. చీర ఉయ్యాల విషయంలోనూ ఒక మాట. అందులో వెన్ను వంగి, గడ్డం గుండెకు ఆనుకుంటుంది. బట్ట ముఖం మీదికి మూసుకుంటుంది. జోకొట్టడానికి ఊపండి, కానీ ఎదురుగా కూర్చుని. నిద్రపోగానే తీసి గట్టి పక్క మీద వేయండి.

6. "ఆవాల దిండు పెట్టకపోతే తల గుండ్రంగా రాదు"

మా వియ్యపురాలు ఎంతో ఆపేక్షగా కుట్టి పంపారు. "వదిన గారూ, మా ఇంట్లో పిల్లలందరికీ ఇదే, తలకాయలు చూడండి ఎంత ముచ్చటగా ఉన్నాయో" అన్నారు. పసిబిడ్డ తల సాధారణంగా తనంతట తానే చక్కబడుతుంది. దానికి కావలసింది దిండు కాదు, రోజంతా వెనక భాగం మీదే బరువు పడకుండా చూడడం. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు కొన్నిసార్లు, మన కళ్ల ముందు బోర్లా పడుకోబెడితే మెడకు బలమూ వస్తుంది, తలకు ఆకారమూ వస్తుంది. తల ఆకారం కోసమని అమ్మే దిండ్లు వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది కూడా. తల మరీ ఒకవైపే చదునుగా కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

7. "వెల్లకిలా వేస్తే పాలు గొంతుకు అడ్డం పడతాయి, బోర్లా వేయండి"

వినడానికి సబబుగా ఉంటుంది. శరీరం లోపలి అమరిక మరోలా ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార నాళం కింద ఉంటాయి. పొట్టలోంచి పైకి వచ్చిన పాలు గాలి గొట్టంలో పడాలంటే ఎదురెక్కాలి. బోర్లా పడుకుంటే గాలి గొట్టమే కిందికి వస్తుంది. అమెరికాలో 1992లో డాక్టర్లు బోర్లా వద్దన్నారు, 1994 నుంచి ఊరూరా ప్రచారం చేశారు. ఆ తర్వాతి ఏళ్లలో కారణం తెలియకుండా నిద్రలో పోయే పసిబిడ్డల మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టండి, తర్వాత వెల్లకిలా పడుకోబెట్టండి. పగలైనా రాత్రైనా ఇదే. అటూ ఇటూ తనంతట తాను దొర్లే వయసు వచ్చాక బిడ్డ నిద్రలో తిరిగితే తిరగనివ్వండి. అప్పటికి తొట్టెలో ఏమీ లేకపోవడం ఇంకా ముఖ్యం. దొర్లబోతున్న ఛాయలు కనిపించగానే ఒళ్లంతా చుట్టే పొత్తిగుడ్డ మానేయాలి.

8. "ఇప్పుడు పెద్దదయింది, ఇక కట్టుకోవచ్చు"

పెద్దదయితే ఇంకో ప్రమాదం. ఊచ పట్టుకుని నిలబడే పిల్లకు ఆ మెత్త మెట్టవుతుంది. దాని మీద కాలు వేసి తొట్టె దాటబోయి తలకిందులుగా పడుతుంది. నాడాలు లాగి నోట్లో పెట్టుకుంటుంది. చిన్నప్పుడు ఊపిరికి అడ్డం, పెద్దయ్యాక ఎక్కడానికి మెట్టు. మధ్యలో మంచిదయ్యే నెల ఒక్కటీ లేదు.

9. "నేను నలుగురిని పెంచాను, ఎవరికీ ఏమీ కాలేదు"

ఇది నా చివరి ఆయుధం. అమ్మాయి మీద రెండుసార్లు ప్రయోగించాను. ఈ మాటలో ఉన్న లోపం తర్వాత తెలిసింది. ఏమీ కాని ఇళ్లవాళ్లే ఈ మాట అనగలరు. అయిన ఇంట్లో తల్లి ఈ మాట అనదు. అసలు ఆ బిడ్డ మాటే ఎత్తదు. మా అమ్మమ్మ తన కాన్పులు లెక్క చెప్పేటప్పుడు వేళ్లు మడుస్తూ మడుస్తూ ఒక వేలు దగ్గర ఆగేది. "అది నిద్రలోనే పోయింది, బాలారిష్టం" అని పక్క వేలికి వెళ్లేది. ఆ రాత్రి ఆ బిడ్డ ఎలా పడుకుని ఉందో, పక్కన ఏముందో ఎవరూ అడగలేదు. అడగాలని అప్పుడు ఎవరికీ తెలియదు. మనకు తెలిసింది. తెలిశాక కూడా మా కాలంలో అంటూ కూర్చుంటే అది అనుభవం అనిపించుకోదు.

కుర్ర తల్లిదండ్రులకు ఒక మనవి. పెద్దవాళ్లు మెత్త కట్టమంటే విసుక్కోవద్దు. బిడ్డకు ఏం జరుగుతుందోనన్న బెంగ వాళ్లది. ఆ బెంగకు ఒక పని అప్పగించండి. ఊచల సందు కొలవమనండి. పరుపు మీద అరచేయి నొక్కి గుంట పడుతోందేమో చూడమనండి. చలిగా ఉంటే దుప్పటి బదులు బిడ్డకు ఇంకొక పొర బట్ట తొడగమనండి, మెడ వెనక చెయ్యి పెట్టి చెమట పట్టిందేమో చూడమనండి. తొట్టెను తల్లి మంచం పక్కనే, అదే గదిలో కనీసం ఆరు నెలలు ఉంచడం వాళ్ల బాధ్యత చేయండి. నన్నెవరైనా మొదటి రోజే టేపు చేతికిచ్చి కొలవమని ఉంటే, నేను ఆ మధ్యాహ్నం అల్మరా తలుపు తీసేదాన్ని కాదేమో.

పట్టీని నేను పారేయలేదు. తిరిగి వచ్చే ముందు కుట్లన్నీ విప్పాను. నాడాలు కత్తిరించాను, దూది మొత్తం తీసేశాను. మిగిలిన చీర ముక్కలు రెండు పొరలుగా కలిపి పలచటి బొంత కుట్టాను. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి మనవరాలిని దాని మీద బోర్లా వేసేవాళ్లం. ఎదురుగా నేనూ బోర్లా పడుకునేదాన్ని. అది మెడ ఎత్తి, వణుకుతూ నిలబెట్టి, నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వేది. పన్ను లేని ఆ నవ్వునూ మనం బోసి అనే అంటాం. ఆ మాటకు లోటు అని ఒక్కటే అర్థం చెప్పుకుంటూ ఇన్నేళ్లూ గడిపాను. రాత్రి అయ్యాక దాన్ని ఎత్తుకుని వెళ్లి క్రిబ్‌లో వెల్లకిలా పడుకోబెట్టి, చుట్టూ ఒకసారి చెయ్యి తిప్పి చూసేదాన్ని. చేతికి ఏమీ తగిలేది కాదు. అప్పుడు దీపం తీసేదాన్ని.